రేగు వేరు వెతుక్కునే తేమ

కృష్ణపట్నానికి ఉత్తరాన, సముద్రపు ఇసుక ఏటా కొంచెం కొంచెంగా ఊరిమీదికి జరిగే చోట, ముసలమ్మ ఇరవయ్యేళ్లుగా రేగు మొక్కలు పెంచుతోంది. ఇసుక అంగన్‌వాడీ వెనక గోడను సగం కప్పేయడంతో, పోయిన డిసెంబరులో పంచాయతీ ఆమె చేత అక్కడ నాలుగు వరసలు నాటించింది. అవి వేసవి దాటకపోతే అంగన్‌వాడీని రెండు కిలోమీటర్ల అవతలికి మార్చేస్తారు. ఈ పని చూసుకోమని పెట్టిన కెజియా వృక్షశాస్త్రం చదువుకుంది. ఆమె మూడేళ్ల కొడుకు వెళ్లేదీ ఆ అంగన్‌వాడీకే.

ముసలమ్మ నీళ్లు పోసే తీరే వేరు. మొక్కకు మూరెడు ఎడంగా పాత పైపు ముక్కను లోతుగా దించి, అందులో చెంబెడు నీళ్లు వదిలేది. పైన ఇసుక తడవనిచ్చేది కాదు. అదీ పది రోజులకొకసారి. పెళ్లయిన కొత్తలో కంచె కోసం అడవి రేగును పెకలించబోయి, నడుంలోతు తవ్వినా వేరు కొస దొరక్క ఓడిపోయిన రోజు నేర్చుకున్న పాఠం అది.

మార్చిలో ఆ నీళ్లూ మానేసింది. ఆకులు రాలసాగాయి.

"అవ్వా, చచ్చిపోతాయి. రోజూ తడపాల" అంది కెజియా.

"నీ బిడ్డకు ఏడవకముందే పాలు పడతావు నువ్వు. రేగుకు దప్పిక తెలియాలమ్మే" అని నవ్వింది ముసలమ్మ.

నీళ్లందని మొక్క ఆకులు వదిలేసి ఉన్న బలాన్ని వేళ్లకు పంపుతుందని, తేమ ఉన్న దిక్కుకే వేరు సాగుతుందని కెజియా పరీక్షల్లో రాసింది. అయినా మనసు ఊరుకోలేదు. రోజూ కొడుకును దింపాక గోడవైపు వరసకు చాటుగా బిందెలతో నీళ్లు పోసింది. ఆ ఒక్క వరసే కళకళలాడింది.

మే నెలలో బోరు మోటారు కాలిపోయి, కెజియా బిందెలకు నీళ్లు దొరకలేదు. పన్నెండు రోజులకు ఆ వరస పుల్లల్లా ఎండింది. పంచాయతీ కార్యదర్శి సుశీల్ కుమార్ వచ్చి పెదవి విరిచాడు.

"అన్నీ పోయినాయి కదమ్మా. ఇంక మార్చేద్దాం."

"అంత తొందరేంది సారూ?" అంటూ ముసలమ్మ లోపలి వరసలో ఒక మోడును గోటితో గీకింది. బెరడు కింద పచ్చదనం. పక్కనే చెయ్యి భుజందాకా దిగేంత గొయ్యి తవ్వింది. వేరు సూటిగా ఇంకా కిందికే పోతోంది. "చెయ్యి పెట్టి చూడు."

అతని వేళ్లకు చల్లటి తడి ఇసుక తగిలింది.

కెజియా గోడ వరసలోంచి ఒక మొక్క పెరికింది. జానెడు లోతులోనే వేళ్లన్నీ చాపలా అల్లుకున్నాయి. ఆమె దాన్ని కార్యదర్శి ముందు పెట్టింది.

"దీన్ని చంపింది నేనే సార్. అవ్వకు తెలియకుండా రోజూ పైపైన తడిపినాను. ఆమె చేతి కింద పెరిగినవి మాత్రం బతికే ఉన్నాయి. వానలదాకా ఆగండి."

అతను చేతికంటిన ఇసుక దులుపుకుని సరేనన్నాడు.

జులై చినుకులకు మూడు వరసలూ చిగిర్చాయి. అంగన్‌వాడీ ఎక్కడికీ కదల్లేదు. ముసలమ్మ ఒక పాత పైపు ముక్కను కెజియా చేతికిచ్చింది.

"ఈ తూరి గోడ వరస నువ్వే పెంచు" అంది. "నేను నీడలో కూర్చుని తిడతా ఉంటా."