బస్రా వానలో మా నాన్న రుమాలు

ఈ రోజు మా ఓడ బస్రా రేవులో ఆగింది. వాన కురుస్తున్నా ఊరు చూడాల్సిందేనని మా పంజాగుట్ట వకీలు సాబ్ దిగారు. కుట్టు దుకాణానికి తాళం వేసి ఆయనకు తోడుగా వచ్చిన నేను గొడుగు పట్టుకుని వెంట నడిచాను. బురద తప్ప ఏమీ కనబడలేదు. చివరికి ఒక గుడ్డల అంగడిలో దూరాం.

అంగడివాడు ఎర్ర గళ్ల రుమాలు తీసి పరిచాడు. నూనె వాసన గుప్పుమంది. నూలును రోజుల తరబడి నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి మా ఊరు పుట్టపాకలో మా నాన్న నేసే రుమాలే అది!

"సాబ్, గిది మన పుట్టపాకల నేసిందే. జర వాసన చూడుండ్రి," అన్నాను.

"నీకేం తెల్సు మల్లయ్యా? గిది అరబ్బుల మాల్. గిసొంటి అత్తరు వాసన మన దిక్కు యాడ దొర్కుతది?" అన్నారు.

అత్తరట! నిరుడు అమీర్‌పేటలో నా దుకాణం తెరిచిన రోజు సరిగ్గా ఇలాంటిదే ఆయన భుజాన కప్పితే, కంపు కొడుతోందని అందరి ముందూ తీసి అవతల పడేసిన మనిషి!

ఆ రుమాలే కొని మెడలో వేసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు వాన పెరిగింది. "గొడుగు ఇటు పట్టు, రుమాలు తడుస్తది," అన్నారు.

పట్టాను. ఓడ దాకా నేను తడుస్తూనే వచ్చాను.

దుకాణం అరుగు మీద ఈ ఉత్తరం చదువుకునే అన్నలారా, మా నాన్న రుమాలుకు గొడుగు పట్టినందుకు నాకు బాధ లేదు. అది వకీలు సాబ్ మెడలో ఉన్నందుకే ఒళ్లు మండిపోతోంది. మీరైతే ఏం చేసేవాళ్లు?