కాలవలో నీళ్ళు లేవు

మా పక్కింటి మాస్టారు పోయిన కబురు కిందటి నెల ఈ పత్రికలో నాలుగు వాక్యాల్లో వేశారు. అందులో మూడు తప్పులున్నాయి. ఆయన బడిపంతులుగా ఉండగా పోయారన్నారు. ఆ పని ఊడగొట్టి పదకొండేళ్ళయింది. ఆయన రాసిన ఒకే ఒక్క నాటకం వినోదభరితమన్నారు; చూసినవాళ్ళలో నవ్వినవాడు ఒక్కడే, వాడూ సగంలో నోరు మూసుకున్నాడు. అది కాలవలో మునిగిపోయిన కుర్రవాడి కథ అన్నారు. కుర్రవాడు మునగలేదు. సంపాదకులు గారు దూరాన ఉంటారు, ఎవరో చెప్పింది నమ్మారు, ఆయన మీద నాకు కోపం లేదు. నాలుగో వాక్యం మాత్రం నిజం. మాస్టారు పోయారు. కాలవలు కట్టేసిన రోజుల్లోనే, మూడు రోజుల జ్వరంతో, ఒక అర్జీ సగం రాసి పోయారు.

మా రెండిళ్ళకీ మధ్య ఒక మట్టి గోడ. నా భుజాల ఎత్తుంటుంది. నలభై ఏళ్ళు ఆ గోడ మీదుగానే మాట్లాడుకున్నాం. వాళ్ళు గుడికెళ్ళేవాళ్ళు, మేం చర్చికెళ్ళేవాళ్ళం, ఆవకాయ మాత్రం గోడ దాటేది. నేను దొరసాని గారి బడిలో చదువుకున్నదాన్నని ఆయనకి ఒక గౌరవం, కొంచెం భయం. కలం చెక్కుకుంటూ అరుగు మీద కూర్చుని, రాసిన ప్రతి ఉత్తరం ముక్కా ముందు వాళ్ళ ఆవుకి వినిపించేవారు. ఆ తర్వాత నాకు.

"ఆవు ఏమంది మాస్టారూ?" అనేదాన్ని.

"తల ఊపిందండి."

"ఈగలు ముసిరితే ఊపుతుంది. నాకు చదవండి."

ఇక ఆ కుర్రవాడి సంగతి. మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ కొడుకు. పందొమ్మిదేళ్ళు. బుట్ట మా గుమ్మంలో దింపి, గోడ దూకి మాస్టారి దగ్గరికెళ్ళి అక్షరాలు దిద్దుకునేవాడు. ఆ వేసవిలో సర్కారు బంగళాలో ఒక దొరగారు దిగారు. ఆయన గొలుసు గడియారం కనపడలేదు. ఆ పూట బంగళాకి చేపలిచ్చింది ఈ కుర్రవాడు. ఠాణాకి తీసుకెళ్ళారు. మర్నాడు పొద్దునకి శవం కాలవ గట్టు మీద ఉంది. గడియారం నాలుగు రోజుల తర్వాత దొరగారి పల్లకీ దిండు కింద దొరికిందట. దాన్ని ఎవరూ ఠాణాకి తీసుకెళ్ళలేదు.

శవాన్ని చూసి, చావు ఎలా జరిగిందో సాక్ష్యం చెప్పే పంచాయతీదారులుగా సంతకాలు పెట్టడానికి ఆరుగురిని పిలిచారు. చదువొచ్చినవాడని మాస్టారిని మొదట పిలిచారు. ఆయన మధ్యలో ఇంటికొచ్చి గోడ దగ్గర నిలబడ్డారు.

"కాగితం రాసి ఉంచారండి. పారిపోతూ కాలవలో పడి మునిగిపోయాడని రాశారు. పెట్టమంటున్నారు."

లోపల ఆయన భార్య మూడోసారి పురిటి మంచం మీద ఉంది. నేను అన్నాను: "పెట్టి రండి మాస్టారూ. మీరు పెట్టకపోతే వాడు లేచి కూర్చుంటాడా?"

ఆ మాట అన్నది నేనే. ఇన్నేళ్ళూ మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అచ్చులో చెబుతున్నాను.

ఆయన వెళ్ళి పెట్టి వచ్చారు.

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. అది లాకుల దగ్గర నీళ్ళు ఆపి కాలవలు కట్టేసి, పూడిక తీస్తున్న నెల. చుక్క నీరు లేదు. అడుగున బురద ఎండి, పెంకుల్లా విచ్చి ఉంది. కాలవ పక్క ఊళ్ళో ఠాణాలో పోయినవాణ్ణి మునిగి పోయాడని రాయడం వాళ్ళకి అలవాటు. ఏ నెలలో ఉన్నామో చూసుకోకుండా చెయ్యి రాసేసింది. తర్వాత గుర్తొచ్చి కాబోలు, శవం మీద రెండు కుండల నీళ్ళు పోశారు. ఆరుగురు పంచాయతీదారులూ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళడం బద్ధకమై, ఎండు కాలవలోకి దిగి, అడ్డంగా నడిచి, అవతలి గట్టెక్కి, కుర్రవాడు ఆ కాలవలో మునిగాడని సంతకాలు పెట్టారు.

మూడో రోజున చేపలావిడ వచ్చింది. బుట్ట లేదు. మాస్టారి గుమ్మంలో నిలబడి, ఏడవకుండా ఒకే మాట అడిగింది.

"బాబుగోరూ, కాలవలో నీళ్ళున్నాయా అండీ?"

ఆయన ఎండు కాలవలో నడిచిన తన కాళ్ళకేసి చూసుకున్నారు. ఆ రోజు నుంచి మాస్టారు వేరే మనిషి.

పిల్లలకి ఎక్కాలకన్నా ముందు ఒక మాట నేర్పడం మొదలెట్టారు: "చదివి పెట్టండిరా సంతకం. చదివాక కూడా ఒకసారి కిందకి చూసి పెట్టండి." వీధిలో వేలిముద్ర వేయాల్సిన ఆడవాళ్ళందరూ కాగితాలు ఆయన దగ్గరికి తెచ్చేవారు. మా పనిమనిషైతే పెళ్ళి శుభలేఖని కూడా చదివించుకుని గానీ తీసుకోలేదు.

అప్పుడే నాటకం రాశారు. అంతకు ముందు ఆయన పద్యం కూడా రాసి ఎరుగరు. మొదటి అంకం గోడ మీదుగా చదివారు. అందులో ఆ కుర్రవాడు చేపలబుట్ట దింపి, బారెడు సమాసంతో విధిని నిందిస్తాడు.

"ఆగండాగండి. వాడు చేపలమ్మడానికొచ్చాడా, అవధానం చెయ్యడానికొచ్చాడా?"

"నాటకం కదండి. గంభీరంగా ఉండాలని..."

"వాడు మీ ఇంట్లో మూడేళ్ళు అక్షరాలు దిద్దుకున్నాడు. ఎలా మాట్లాడేవాడో మీకు గుర్తులేదా, రాయడానికి సిగ్గా?"

ఆయన కాగితాలు అరుగు మీద పెట్టేశారు. "గుర్తులేదండి," అన్నారు చివరికి. "నేను చెబుతుండేవాణ్ణి, వాడు వింటుండేవాడు. వాణ్ణి నేను మాట్లాడనిచ్చిందెప్పుడు?"

మర్నాటి నుంచి చేపలావిడని అరుగు మీద కూర్చోబెట్టుకున్నారు. ఆవిణ్ణి అరుగెక్కించారని ఆయన చుట్టాలు రెండు నెలలు రాకపోకలు మానేశారు. "దానివల్ల కాఫీపొడి, ఓపిక రెండూ మిగిలాయి," అనేవారు మాస్టారు. ఆవిడ కొడుకు ఎలా ఆవలించేవాడో, వల బాగుచేస్తూ ఏం గొణిగేవాడో, అమ్మ మీద కోపమొస్తే ఏమని పిలిచేవాడో అన్నీ చెప్పింది. ఆయన రాసుకున్నారు. రెండో ప్రతి నా చేత రాయించారు, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని.

నాటకం ఒక్కసారే ఆడారు. బడి బహుమతుల పండగనాడు, ధాన్యం కొట్టు ముందు పందిట్లో, పట్టపగలు. ముందు వరసలో కుర్చీ మీద ఠాణా హెడ్డుగారు కూర్చున్నారు. పిల్లలు పాటలు పాడతారని పిలిస్తే వచ్చారు. ఆఖరి అంకంలో ఇద్దరు జవాన్ల వేషగాళ్ళు పడుకున్న కుర్రవాడి మీద కుండతో నీళ్ళు పోస్తారు. అప్పుడే ఎవడో ఫక్కుమన్నాడు. రెండో కుండ పోసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. తల్లి వేషం వేసిన మాస్టారే ముందుకొచ్చి, జనంకేసి తిరిగి అడిగారు.

"కాలవలో నీళ్ళున్నాయా?"

పుస్తకంలో అక్కడ తెర పడాలని ఉంది. తెర లాగేవాడు మర్చిపోయాడు. వెనక నుంచి చేపలావిడ గొంతు వినిపించింది. "లేవు." తర్వాత ఇంకొకరు. తర్వాత పందిరంతా. "లేవు. లేవు." ఆరుగురు పంచాయతీదారుల్లో నలుగురు అక్కడే ఉన్నారు. వాళ్ళలో ఒకాయన కూడా అన్నాడు, నేను చూశాను.

హెడ్డుగారు లేచారు. "ఇది ఏ ఊరి కథ పంతులూ?"

"నీళ్ళు లేని ఊరిదండి," అన్నారు మాస్టారు, చీర కొంగు సర్దుకుంటూ.

ఆ సాయంత్రమే ఠాణావాళ్ళు వచ్చి ఆయన నాటకం పుస్తకం పట్టుకెళ్ళారు. ఆయన్ని బడి పనిలోంచి తీసేశారు. నాటకం మళ్ళీ ఆడితే ఆడినవాళ్ళని లోపలేస్తామన్నారు. వేషాలు వేసినవాళ్ళు ఒక్కొక్కరే ఊళ్ళు మారారు. మాస్టారు మాత్రం కదల్లేదు. పైవాళ్ళకి అర్జీలు రాయడం మొదలెట్టారు. ప్రతి అర్జీలోనూ ఒకటే కోరిక: "ఫలానా పంచాయతీ కాగితం మీద ఉన్న నా సంతకం అబద్ధం. దాన్ని కొట్టివేయవలెను." సంతకం అబద్ధమని చెప్పడానికి మళ్ళీ సంతకం పెట్టాలి. అక్కడికొచ్చేసరికి ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని పెట్టేవారు. జవాబు ఒక్కదానికీ రాలేదు.

"ఇక మానండి మాస్టారూ," అని ఒకసారి అన్నాను.

"అప్పుడు పెట్టమన్నారు, పెట్టాను. ఇప్పుడు మానమంటున్నారు. మీ సలహా రెండుసార్లు వినలేనండి," అన్నారు. నవ్వుతూనే అన్నారు.

ఆరుగురిలో అయిదుగురు ముందే పోయారు. ఆఖరివారు మాస్టారు. అబద్ధం రాసిన కాగితం సర్కారు పెట్టెలో భద్రంగా ఉంది. అది అబద్ధమని చెప్పగలిగిన చెయ్యి కట్టెల మీద కాలిపోయింది. నాకు డెబ్బై దాటాయి, ఒక కంట్లో పొర కమ్మింది. నా దగ్గర ఆ రెండో ప్రతి ఉంది, బైబిలు వెనక. దాన్ని ఎవరు ఆడతారు? ఎవరు అచ్చు వేస్తారు? అడిగిన ప్రతివారూ మంచివారే. ప్రతివారికీ పిల్లలున్నారు. ఆనాడు పురిటి మంచం చూసి సంతకం పెట్టమన్నదాన్ని నేనే కదా, వాళ్ళనేమనను?

కిందటి నెల పత్రిక వచ్చిన వారానికి చేపలావిడ వచ్చింది. వీధి చివర ఎవరో చదివి వినిపించారట. కాగితం మడిచి బుట్టలో ఆకుల మధ్య పెట్టుకుంది. నా గుమ్మంలో కూలబడింది.

"అమ్మగోరూ, నా కొడుకు మళ్ళీ మునిగిపోయాడంట."

అందుకని ఇది రాస్తున్నాను.

మీలో లాకుల దగ్గర ఉండేవారు, లేదా ఆ దారిన ధవళేశ్వరం వెళ్ళేవారు, నాకొక చిన్న పని చేసిపెట్టండి. నా మోకాళ్ళు అంత దూరం నడవవు. కాలవలకి నీళ్ళు వదిలేలోపు వెళ్ళండి. తర్వాతైతే పడవ కోసం కాచుకోవాలి. రెండో లాకు దాటాక అవతలి గట్టున చేపలావిడ తాటాకు పాక, ముందు వల ఆరేసి ఉంటుంది. పొద్దున ఆవిడ ఉండదు, చేపలమ్మి మధ్యాహ్నానికి వస్తుంది. ఈ సంచిక పట్టుకెళ్ళండి. మంచినీళ్ళిస్తే తాగండి, తాగలేనివారు ఈ పనికి వెళ్ళొద్దు. ఎడమ చెవి వినపడదు, కుడి పక్కన కూర్చోండి. ఇదంతా చదవక్కర్లేదు. నాటకంలో మాస్టారు అడిగిన ప్రశ్న ఉంది చూశారూ, అది ఒక్కటీ గట్టిగా చదివి, కాగితం మడిచేసి, ఆవిడ జవాబు చెప్పేదాకా ఆగండి.