చిన్న కార్డు, మంచి పవర్ సప్లై

ఈ రోజు ప్రింటర్ ఇంకు కోసం సూర్యాపేటలో కంప్యూటర్ షాపుకు వెళ్లాను. తుంగతుర్తి రైతు ఒకాయన, డిగ్రీ చదివే కూతురికి గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయిస్తున్నాడు. తెచ్చిన డబ్బులో పెద్ద గ్రాఫిక్స్ కార్డు రావాలంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా చౌకది వేసుకోవాలన్నాడు షాపాయన. అమ్మాయి వెంటనే సరేనంది.

తండ్రి ఒప్పుకోలేదు. "మా ఊరి వోల్టేజీకి బాయికాడి మోటరే రెండుసార్లు కాలింది. కరెంటు డబ్బా మంచిది పెట్టు. కార్డు చిన్నది సూపియ్యి."

"గేము ఆగాగి నడుస్తది నాయినా."

"ఆగాగి నడిస్తే ఆడుకోవచ్చు బిడ్డా. కాలినంక ఏం ఆడతవ్?"

అమ్మాయి మూతి ముడుచుకుంది కానీ చిన్న కార్డే తీసుకుంది.

లో వోల్టేజీ మీద ఏళ్లుగా వార్తలు రాస్తున్న నా ఇంట్లో కంప్యూటర్‌కు ఉన్నది మాత్రం చౌక డబ్బానే. మీరైతే ఎవరి మాట వినేవారు?