మనం తిన్నామా?

మా వదినగారు పోయారు. మావారి అక్కగారు. ఈ మిరపకాయల సీజన్లోనే, కళ్లాల నిండా కాయలు ఎర్రగా ఆరుతున్న రోజుల్లో, నిద్రలోనే వెళ్లిపోయారు. కబురు ఆవిడ కొడుకే ఫోన్లో చెప్పాడు. "అత్తయ్యా, అమ్మ వెళ్లిపోయింది" అని కాసేపు ఏడ్చి, ముక్కు చీది, "ఇంకోటత్తయ్యా, ఎదురింటి వాళ్ల కోడలు డీఎస్సీకి చదువుతోందిగా, దానికి నువ్వు సంధులు చెప్తావని అమ్మ నిన్న మాటిచ్చిందంట. ఆ అమ్మాయి పుస్తకం పట్టుకొచ్చి వరండాలో ఏడుస్తా కూర్చుంది" అన్నాడు.

అదీ మా వదినగారి సంగతి. మనిషి పోయినా ఆవిడ నాకు ఒప్పజెప్పిన పని పోలేదు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది, దాంతోపాటే ఒళ్లు మండింది. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆవిడ విషయంలో ఈ రెండూ నాకు కలిసే వస్తున్నాయి.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు దేవత అనీ, అన్నపూర్ణ అనీ రాయడం అలవాటు. నావల్ల కాదు. ఆవిడ నన్ను విసిగించినంతగా ఇంకెవరూ విసిగించలేదు. మా ఇద్దరి మధ్య గొడవంతా ఒక్క మాట దగ్గర. ఆ మాట 'మనం'.

నేను చిలకలూరిపేటలో, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. 'మేము' అంటే ఎదుటివాళ్లు కలవరు, 'మనం' అంటే కలుస్తారు అని ఆరో తరగతి పిల్లలకి ఏటా బోర్డు మీద రాసి మరీ చెప్పేదాన్ని. పిల్లలకి వచ్చింది. మా వదినగారికి రాలేదు. ఆవిడ వ్యాకరణంలో 'మేము' లేదు, 'మీరు' లేదు. బస్సులో పక్క సీటు మనిషిని "మనదే ఊరు?" అని అడగడం మా వైపు అందరూ చేసేదే, అందులో తప్పేం లేదు. ఆవిడ అక్కడితో ఆగేవారు కాదు. మనకి పిల్లలెంతమంది, మన పెద్దాడు ఏం చేస్తున్నాడు, మన మోకాళ్లకి ఏం మందు వాడుతున్నాం అంటూ సాగేది. దిగేలోపు ఆ ముక్కూ మొహం తెలియని మనిషి మోకాలు కాస్తా మా ఇంటి మోకాలైపోయేది.

పనుల దగ్గరికొచ్చేసరికి మాత్రం 'మనం' అంటే నేను. "మన చేతిరాత బాగుంటుంది" అని వీధిలో వాళ్ల శుభలేఖలన్నిటి మీదా నా చేత పేర్లు రాయించారు. ఎవరికో పింఛను ఆగిపోతే "మనం వెళ్లి అడుగుదాం" అన్నారు. ఆఫీసు కిటికీ ముందు ఎండలో నిలబడింది నేను. ఆవిడ చెట్టు నీడన కూర్చుని ఎవరితోనో చుట్టరికం కలుపుకుంటున్నారు. ఉండబట్టలేక ఒకసారి అడిగేశాను, ఈ 'మనం'లో మీరెక్కడున్నారండీ అని. "ఎక్కడో ఓచోట ఉంటాలే అమ్మాయ్" అన్నారు.

మిరపకాయల రోజులొస్తే నా పని అయిపోయినట్టే. వాళ్లింటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయల తొడిమలు, అదే ముచ్చికలు, తుంచుతారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ పని చేస్తే వేళ్లు నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. మా వదినగారు రోజూ సాయంత్రం ఒక గుండిగెడు చల్ల మజ్జిగ, చిన్న సీసాలో కొబ్బరినూనె పట్టుకెళ్లేవారు. పట్టుకెళ్లేవారు అంటే, గుండిగ నేను మోసేదాన్ని, సీసా ఆవిడ పట్టుకునేవారు. షెడ్డు గుమ్మంలోకి వెళ్లగానే ఘాటుకి నాకు తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు. ఆవిడకి ఏమీ అయ్యేది కాదు. "మన చేతులు మండుతున్నాయా?" అని అడుగుతూ ఒక్కొక్కళ్ల చేతులూ మజ్జిగలో ముంచి పట్టుకునేవారు. ఇది షెడ్డు యజమాని చూసుకోవాల్సిన పని కదా అంటే, ఔను, ఆయనకీ చెప్పాను, ఆయన చూసుకునేదాకా మనం చూద్దాం అనేవారు. ఆయనకి నిజంగానే చెప్పారు. వారానికోసారి చెప్పేవారు. ఆయన ఈవిడ కనిపిస్తే స్కూటరు వెనక్కి తిప్పుకునేవాడు. చివరికి విసుగెత్తి షెడ్డులో కుళాయి పెట్టించాడు, గ్లౌజులు కొనిచ్చాడు. మజ్జిగ మాత్రం ఆగలేదు. గ్లౌజులతో ముచ్చికలు అందవట.

తర్వాత మావారు పోయారు. ఆ సంగతి పొడిగించను. పిల్లలు లేని ఇల్లు, ఒక్కదాన్నే ఉండిపోయాను. నాకు ముందు నుంచీ ఒక జబ్బుంది, ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోలేను. చేతనైతే ఇస్తాను, లేకపోతే తలుపేసుకుంటాను. అప్పుడు తలుపేసుకున్నాను. వంట మానేశాను. పొయ్యి మీద గిన్నె పెట్టబోతే ఎవరి కోసం అనిపించేది. చుట్టుపక్కలవాళ్లు వచ్చి పలకరిస్తే, అన్నీ ఉన్నాయి, అంతా బాగానే ఉంది అని పంపేసేదాన్ని.

పోయింది ఆవిడకి స్వయానా తమ్ముడు. అయినా రోజూ పొద్దున్నే పక్క వీధి నుంచి నడుచుకుంటూ వచ్చి, గేటు దగ్గర నిలబడి, లోపలికి వినపడేలా ఒకటే అడిగేవారు. "మనం తిన్నామా?"

"తిన్నాను" అనేదాన్ని. తినలేదు. ఆవిడకీ తెలుసు తినలేదని. ఒకరోజు చిరాకేసి, మీరు తిని ఉంటారు, నేను తిని ఉంటాను, మధ్యలో ఈ 'మనం' ఎవరండీ అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. గేటుకి ఒక చిన్న క్యారియరు తగిలించి వెళ్లిపోయారు. మర్నాడూ అంతే.

తీసుకొచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మనకో ఆచారం ఉంది కదా. నేను దాన్ని కచ్చితంగా పాటించేదాన్ని. ఆవిడ పప్పన్నం పెడితే కడిగి పంచదార పోసి పంపేదాన్ని, పులుసు పంపితే బెల్లం. ఒకరోజు క్యారియరు మూత తీసి చూసి, "ఏం అమ్మాయ్, మర్యాదకి పంపిస్తున్నావా, నన్ను దూరం పెట్టడానికి పంపిస్తున్నావా?" అని అడిగారు. నేను తలుపేసుకున్నాను. ఆ పంచదారతో మధ్యాహ్నం సున్నుండలు చేసి మళ్లీ నాకే పంపారు. ఇలాంటి మనిషితో ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

అలా ఉండగా ఒక పొద్దున, గుంటూరులో మనకి పనుంది పద అని బస్సెక్కించారు. పనేమిటో ఇప్పటికీ తెలియదు, పనేమీ లేదనే నా అనుమానం. దారిలో మా ముందు సీట్లో ఒకావిడ ఉన్నట్టుండి పక్కకి ఒరిగి పడిపోయింది. కనిగిరి వైపు నుంచి కాయలు కొయ్యడానికి వచ్చిన కూలీ మనిషి, ఒంటి మీద జ్వరం కాలిపోతోంది. కండక్టరు, డ్రైవరు కలిసి బస్సుని ఆసుపత్రి గేటు దగ్గరే ఆపారు. అక్కడ నర్సు ఈవిడ మీకేమవుతుందని అడిగితే మా వదినగారు తడుముకోకుండా, "మనవాళ్లేనండి" అన్నారు.

ఆ ఒక్క మాటతో మేమిద్దరం ఆ పేషెంటు తాలూకు మనుషులమైపోయాం. మంచం పక్కన స్టూలేశారు, మందుల చీటీ నా చేతిలో పెట్టారు. తర్వాత పేరు చెప్పమన్నారు. మా వదినగారు మంచం మీదికి వంగి, అప్పుడే కళ్లు తెరుస్తున్న ఆ మనిషిని, "మన పేరేంటమ్మా?" అని అడిగారు. నర్సు మా మొహాలు మార్చి మార్చి చూసింది. మీవాళ్లేనన్నారు, పేరు తెలియదా అంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. 'మనవాళ్లు' అనేది మా వదినగారికి చుట్టరికం కాదనీ, అలవాటనీ ఆ అమ్మాయికి ఏ భాషలో చెప్పను? తెలుగు పంతులమ్మని, నాకే మాట దొరకలేదు.

ఆవిడ మనుషులు వచ్చేదాకా మేమే ఉన్నాం. మా వదినగారు బెంచీ మీద హాయిగా కునుకు తీశారు. సెలైన్ చెయ్యి కదలకుండా పట్టుకోవడం, నోరు తడపడం, చెమట తుడవడం అన్నీ నా వంతు. సణుక్కుంటూనే చేశాను. సాయంత్రానికి జ్వరం దిగి ఆవిడ నా చెయ్యి పట్టుకునే నిద్రపోయింది. అప్పుడు గమనించాను, నాకు ఆకలేస్తోంది. మావారు పోయాక కడుపులో ఆకలి తెలియడం అదే మొదలు. ఎవరికైనా చేసిపెడితే మనకి మంచి జరుగుతుందని పెద్దవాళ్లు చెబుతుంటే పిల్లల్ని పనిలో పెట్టడానికి చెబుతున్నారనుకునేదాన్ని. ఆ రోజు నాకు జరిగిన మంచి ఏమిటంటే, ఆకలి. నాకు అది చాలా పెద్దదే.

మా వదినగారు లేచి, గేటు ముందు బండి నుంచి ఇడ్లీ పొట్లం తెచ్చి, మామూలుగానే అడిగారు. "మనం తిన్నామా?"

"తిన్నాను" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "ఎప్పుడు తిన్నావే? పొద్దుట్నించీ నా పక్కనే ఉన్నావుగా" అన్నారు. తర్వాత పొట్లం విప్పుతూ, మెల్లిగా, "ఎవరైనా అడిగినప్పుడు ఒక్కసారి లేదని చెప్పి చూడమ్మా. ఏం కాదు" అన్నారు. నాకు ఉక్రోషం వచ్చి మొహం తిప్పుకున్నాను. తిన్నాను గానీ, ఆ మాట మాత్రం అనలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లూ ఆవిడ అడుగుతూనే ఉన్నారు, నేను తిన్నాననే చెబుతూ వచ్చాను. ఈమధ్య చాలాసార్లు నిజంగానే తిని ఉండేదాన్ని. కానీ తినని రోజున తినలేదని చెప్పడం, ఆ చిన్న మాట, నాకు రాలేదు. ఆవిడ ఆ మాట నా నోట వినకుండానే పోయారు.

ఆ కనిగిరి ఆవిడ ఏటా కాయల కోతలకి వచ్చినప్పుడు మా వదినగారికి ఒక సంచిలో కందులు తెచ్చేది. ఎండకీ వానకీ పడి పండించుకున్నవి. అలాంటి మనిషి దగ్గర మనం తీసుకోవడమేమిటని నేను గోల. మా వదినగారు రెండు చేతులూ చాచి పుచ్చుకునేవారు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు, ఆవిడ ముందే పొయ్యి మీద వేయించేవారు. ఆవిడ వెళ్లాక నాతో అనేవారు. "ఎప్పుడూ మనమే ఇస్తా కూర్చుంటే వాళ్లు ఎప్పుడు పెద్దవాళ్లవుతారమ్మా? పుచ్చుకోవడం కూడా చెయ్యడమే." నాకు చెప్పడానికే అలా పుచ్చుకునేవారో, కందిపప్పంటే ఇష్టమో తెలియదు. రెండూ అయ్యుంటాయి.

పెద్దకర్మ రోజున వీధికి అడ్డంగా షామియానా వేశారు. మేనల్లుడు ఆ పక్కా ఈ పక్కా పరిగెడుతున్నాడు కాబట్టి వడ్డనల పెత్తనం నా మీద పడింది. మొదటి బంతి అయింది, రెండో బంతి అయింది. నేను ఆకులు సరిచూస్తూ, సాంబారు కేకేస్తూ, నాకంటూ కూర్చోవాలన్న ధ్యాసే లేకుండా తిరుగుతున్నాను. ఆవిడ లేని ఇంట్లో పనిలో ఉండటమే నయమనిపించింది.

ఆఖరి బంతి కూర్చునే వేళకి షామియానా అంచున ఒక మనిషి నిలబడి ఉంది. చేతిలో సంచి. చీర కొంగుకి ఎర్రటి కారం మరకలు. కోత నుంచి తిన్నగా వచ్చినట్టుంది. మా వైపు బంధువొకాయన ఎదురెళ్లి, "ఎవరమ్మా? ఎవరి తాలూకు?" అని అడిగారు. ఆయన తప్పు లేదు, అలాంటి చోట అడగాల్సిన మాటే. ఆవిడ అటూ ఇటూ నా కోసం చూసింది.

"మనవాళ్లే" అన్నాను.

"మనవాళ్లంటే?" అన్నారాయన.

ఆరో తరగతికి ఎన్నేళ్లో చెప్పిన పాఠం. ఆయనకి మాత్రం చెప్పలేదు. ఆవిడ చేతిలో సంచి తీసుకున్నాను, రెండు చేతులతోనూ. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కందుల వాసన. ఎవరి ముందూ ఏడవనిదాన్ని అక్కడ ఏడ్చాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. బంతిలో చివరి ఆకు ముందు కూర్చుని, తలెత్తి నన్ను చూసి, అచ్చం గేటు దగ్గర మా వదినగారి గొంతుతో అడిగింది.

"టీచరమ్మా, మనం తిన్నామా?"

తిన్నాను అన్న మాట నోటి చివరిదాకా వచ్చింది.

"లేదు" అన్నాను.

ఏం కాలేదు. ఆవిడ కాస్త పక్కకి జరిగి, వడ్డించేవాళ్ల దగ్గర ఇంకో విస్తరాకు అడిగి తీసుకుని తన పక్కన పరిచింది. గ్లాసులో నీళ్లు తీసుకుని, కారానికి ఎర్రబడ్డ ఆ వేళ్లతో ఆకు మీద చిలకరించి, అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచింది. నేను చెప్పులు విడిచి కూర్చున్నాను.