మగ్గం ఆగితే వచ్చే మనుషులు

మా అన్నకు కావలసింది ఒక్క మనిషి. అడ్డం రాకుండా గంటసేపు వినే మనిషి. దానికోసం మా ఇంట్లో జరిగిన రభస తలుచుకుంటే నాకు ఇప్పటికీ దవడలు బిగుసుకుంటాయి.

నేను చెన్నై దగ్గరి పట్టాభిరామ్‌లో ఒక కంపెనీలో యంత్రాల మరమ్మతు చూస్తాను. తిరువళ్ళూరు పక్కనే మణవాళనగర్‌లో మేడ మీద ఒంటి గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. యంత్రం ఆగితే కారణాలన్నీ వరసగా రాసుకుని, ఒక్కొక్కటే పరీక్షించి కొట్టేస్తూ పోవడం నేను చదువుకున్న పద్ధతి. అన్న తిరుత్తణి అవతల మా ఊళ్ళోనే ఉంటాడు. ఇంటి వెనక షెడ్డులో నాలుగు మరమగ్గాల మీద లుంగీలు నేస్తాడు.

పోయిన ఎండాకాలం తరవాత అన్నకు తిండి తగ్గింది, నిద్ర పోయింది. ఒక ఆదివారం నన్ను రైలెక్కించడానికి తిరుత్తణి స్టేషనుకు వచ్చి, బండి కనబడుతుండగా అన్నాడు: "నాకు ఇంక ఉండబుద్ధి కావడంలేదురా."

చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగానే అడిగాను. అప్పుడప్పుడు అనిపిస్తుందన్నాడు. ఎవరికన్నా చెప్పావా అంటే, ఎవరికి చెప్పేది అన్నాడు. నేను ఆ బండి ఎక్కలేదు.

అన్నకు మనసు బాగాలేదు, డాక్టరుకు చూపించాలి అని మాత్రం ఇంట్లో చెప్పాను. ఫోను ఎక్కువ చూస్తే అంతే అన్నాడు నాయన. తిరుత్తణి కొండకు కావడి మొక్కుకున్నానని అమ్మ అంది. పెండ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని మా మేనమామ తేల్చేశాడు. ముగ్గురూ అన్న ఎదురుగానే మాట్లాడారు. ఏమైందని ఒక్కరూ అన్నను అడగలేదు.

తిరువళ్ళూరు ఆసుపత్రికి మామ కూడా బయల్దేరాడు. మా వాళ్ళలో ఆసుపత్రికి ఎవరినీ ఒంటిగా పోనివ్వరు. అది ప్రేమ లెక్క. డాక్టరు అన్నను తమిళంలో అడిగాడు, మామ జవాబు చెప్పాడు. నిద్రపడుతోందా అంటే బాగా పడుతుందన్నాడు. ఆకలి ఎలా ఉందంటే, సుష్టుగా తింటాడు సార్ అన్నాడు, అన్న పక్కన కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో తెలియని మనిషి. చివరికి డాక్టరే మామను బయటికి పంపాడు. అన్నతో మాట్లాడి మాత్రలు రాశాడు. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిపడితే ఒక్క క్షణం ఆగకుండా తీసుకురమ్మని నాకు చెప్పాడు. మాత్రలతోబాటు ఎవరితోనైనా కూర్చుని మాట్లాడే వైద్యం కూడా కావాలి, కానీ ఆ పని చేసే మనిషి ప్రస్తుతం ఇక్కడ లేరన్నాడు. మా వెనక వరస వాకిలి దాటి ఉంది. ఆ డాక్టరు మీద నాకు కోపం లేదు. ఆ మాట్లాడే మనిషి కుర్చీని ఖాళీగా వదిలేసిన వాళ్ళ మీద ఉంది.

ఆ కుర్చీలో కూర్చునే మనిషి కోసం వెతకడం మొదలుపెట్టాను. కొందరు ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు. కొందరు ప్రతివారం చెన్నైకి రమ్మన్నారు. ఒకాయన ఇంట్లో పెద్దవాళ్ళను కూడా లైనులో కూర్చోబెట్టమన్నాడు, ఫోను పెట్టేశాను. చివరికి ఒకామె దొరికింది. బుధవారం మధ్యాహ్నం గంటసేపు ఫోనులో మాట్లాడుతుంది, తెలుగైనా సరే తమిళమైనా సరే. అన్న తెలుగే అడిగాడు.

రెండో బుధవారం అయ్యాక ఆమె నాకు ఫోను చేసింది. వాళ్ళ మధ్య మాటలేవీ చెప్పలేదు. చెప్పడానికి ఆమెకు ఏమీ వినపడలేదు. రెండుసార్లూ మగ్గాల మోత తప్ప ఇంకేమీ లేదట. బయటికి వచ్చి మాట్లాడమని ఎన్నిసార్లు చెప్పినా రాలేదట. ఇష్టం లేకపోతే బలవంతం వద్దు, ఈ గంట కోసం ఎదురుచూసేవాళ్ళు చాలామంది ఉన్నారు అంది.

ఆదివారం ఊరికి పోయి నేరుగా షెడ్డులోకి నడిచాను. మగ్గాలు ఆపి మాట్లాడొచ్చు కదా అని అన్న చెవిలో అరిచాను.

అన్న నా చెవి దగ్గరికి వంగాడు. "ఆపితే అందరూ వస్తారు గదరా."

మగ్గాల ఇంట్లో పుట్టినవాడికి ఈ మాటకు వివరణ అక్కర్లేదు. మోత మాకు మోతగా వినిపించదు, అది ఆగడమే వినిపిస్తుంది. ముందు గదిలో కళ్ళు మూసుకుని పడుకున్న నాయన, ఏ మగ్గం ఆగిందో చెప్పగలడు. నూలు కండె మార్చేంతసేపు ఓపిక పడతాడు, ఇంకాస్త ఆలస్యమైతే లేచి వస్తాడు. వెనకే అమ్మ. గోడకు అవతల చిన్నాయన షెడ్డు. ఏమైందిరా అని అక్కడినుంచి కేక. మిద్దె మీద నిలబడి ఫోను మాట్లాడితే ఎవరితో అని వీధి వీధంతా అడుగుతుంది.

అందుకని అన్న నాలుగు మగ్గాలూ వేసి, మూలన కూర్చుని, ఫోను చుట్టూ అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరికీ చెప్పనిదంతా చెప్పుకున్నాడు. వాడికి ఆ మోతే తలుపు, గడియ.

"ఆయమ్మ చెప్పింది నాకూ వినపళ్ళేదు," అన్నాడు. "వింటా ఉందిలే అనుకుంటి."

నేను పోయి మెయిన్ స్విచ్ దించేశాను.

వచ్చారు. నాయన, అమ్మ, ఆదివారం భోజనానికి వచ్చిన మామ. అన్నకు వారానికి ఒక గంట కావాలి, ఆ గంటలో ఎవరూ దగ్గరికి రాకూడదు, వినకూడదు, తరవాత అడగకూడదు అన్నాను. ఈ మూడు షరతులూ ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. నా గొంతు అప్పటికే లేచిపోయింది.

మామ నవ్వాడు. "ఎవరో ఆడమనిషితో గంటలు గంటలు మాట్లాడతా ఉండాడని మీ చిన్నాయన అప్పుడే చెప్పినాడు. ఇదేనా మీ వైద్యం?"

నాయన అన్న వైపు తిరిగాడు. "మాకు తెలీకుండా చెప్పుకునేదానికి ఏముందిరా నీకు? మేమేమన్నా చచ్చినామా?"

అన్న కూర్చున్నచోటునుంచి లేవలేదు. "మీరు బాగుండారు నాయనా. నాకే చచ్చిపోదామని అనిపిస్తా ఉంది. అది మీ ముందర చెప్తే మీరు ఏడుస్తారు. మిమ్మల్ని ఓదార్చేదానికి నాకు శక్తి లేదు."

అమ్మ నూలు మూటల మీద కూలబడింది. మామ మళ్ళీ నోరు తెరిచాడు.

"మామా, నువ్వు సుమ్మా ఉండు, నోరెత్తొద్దు," అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆయనను అలా అనడం అదే మొదలు. ఆ తరవాత ఆయన అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. నాయన మళ్ళీ స్విచ్ వెయ్యలేదు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "యాడ మాట్లాడతాడో ఆడికే పిల్చుకపోరా," అంది.

నేను బుధవారం మాట్లాడే ఆమెకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. మొదటినుంచీ మళ్ళీ చెప్పడానికి అన్నకు సమ్మతమేనా అని అడిగింది. అన్నను అడిగాను. సరే అనడానికి చాలాసేపు పట్టింది.

బుధవారం సెలవు పెట్టాను. అన్న రైల్లో తిరువళ్ళూరుకు వచ్చాడు. గదిలో చాప వేసి, నీళ్ళు పెట్టి, ఫ్యాను వేసి, లోపల గడియ పెట్టుకోమని చెప్పి, గొంతు వినపడనంత దూరం, వీధి చివరి టీకొట్టు దాకా నడిచాను. ఒక తలుపు కోసం మనిషి రైలెక్కి రావాలి. నాలుగు గదుల ఇల్లుంది మాకు.

మామ ఫోను చేశాడు. కోపం దిగిందనుకున్నాను. ఏం చెప్తా ఉండాడు అని అడిగాడు. వినలేదన్నాను. నీ గదిలోనే గదా, వినలేదంటే ఎట్టా అన్నాడు. నేను ఫోను పెట్టేశాను. టీ చల్లారిపోయింది.

గంట దాటాక అన్న వీధిలోకి వచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నేను ఏమీ అడగలేదు. వాడే నా గ్లాసు తీసుకుని, చల్లటి టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"సగం గూడా కాలేదురా," అన్నాడు. "మళ్ళా బుధవారం వస్తా."