వేలిముద్ర పడని చేతులు

సింగపూర్‌లో దిగగానే యంత్రం నా వేలిముద్ర తీసుకోలేదు. ముప్ఫై ఏళ్లుగా కాలే కుండ మీద పూతరేకులు తీస్తున్న వేళ్లు మరి, గీతలన్నీ అరిగిపోయాయి. నన్ను పక్కకు పిలిచి, కాగితాలన్నీ చూసి పంపేదాకా దొంగలా నిలబడ్డాను.

మూడో రోజు, అక్కడే ఉంటున్న మా చెల్లెలు శారద నన్ను తంజోంగ్ పగార్ అనే పేటలో ఒక చీజ్ దుకాణానికి తీసుకెళ్లింది. ఇటలీ నుంచి వచ్చిన పెద్దాయన పొగలు కక్కే నీళ్లలో చేతులు ముంచి, విరిగిన పాల ముద్దను సాగదీసి మెత్తటి ఉండలు చేస్తున్నాడు. వాళ్ల ఊళ్లో నాయనమ్మ నేర్పిన పనట. ఎవరైనా చేసి చూస్తారా అని ఆయన నవ్వుతూ అడిగాడని శారద చెప్పింది. నేను చేతులు కడుక్కుని ముంచేశాను.

"అయ్యో అక్కా, కాలిపోద్ది!" అని శారద అరిచింది.

నేను నిదానంగా ముద్దను సాగదీశాను. ఆయన నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి తిప్పి చూశాడు, తన బొటనవేలు చూపించి ఏదో అన్నాడు. అదీ నున్నగానే ఉంది.

శారద పడీపడీ నవ్వింది. "ఎయిర్‌పోర్టులో ఆయన్ని కూడా ప్రతిసారీ పక్కకి పిలుస్తారంట అక్కా! నువ్వేం పని చేస్తావని అడుగుతున్నారు."

తిరుగు ప్రయాణంలో యంత్రం మళ్లీ కాదంది. ఈసారి ఎవరూ పిలవకముందే నేనే పక్కకు వెళ్లి, అధికారి ముందు బొటనవేలు చాపి, "పూతరేకులు" అన్నాను.