చలికాలం చేతిలో కుండ

నిన్న మా గ్యాలరీలో కొత్త గైడ్లకు పంచిన కాగితాల్లో ఒక మాట మారింది. చలికాలం బొమ్మలో ఉన్నామె చేతిలోది నీళ్ల కుండ అని ఉండేచోట నిప్పుల కుండ అని ఉంది. ఆ మార్పు మా పిన్నిది. ఎంత గర్వమేసిందో చెప్పలేను.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక టొరంటోలో ఈ గ్యాలరీకి వాలంటీర్ గైడ్‌గా అప్లై చేశాను. జీవితమంతా కంప్యూటర్లతో కుస్తీ పట్టినదాన్ని, బొమ్మల గురించి నాకేం తెలుసు! ఆర్నెల్లు పిచ్చిపట్టినట్టు చదివాను. ఆఖరి పరీక్షలో, సూపర్‌వైజర్ పక్కన నిలబడి వింటుండగా, పదిమంది సందర్శకులకు ఒక చిత్రం గురించి చెప్పాలి. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. నాకు పడింది పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడెవరో ప్రాచీన రోమును ఊహించుకుని వేసినది. ఒకే పెద్ద కాన్వాసు మీద నాలుగు ఋతువులు, ఋతువుకో ఆడమనిషి. ఒకామె చేతిలో పూలు, ఒకామెకు గోధుమ పన, ఇంకొకామెకు ద్రాక్షలు, చివరామెకు కుండ. ధైర్యంగా ఉంటుందని బ్రాంప్టన్‌లో కూతురి దగ్గరుంటున్న మా పిన్నిని వెంటబెట్టుకెళ్లాను. నాదే బుద్ధితక్కువ. సినిమా హాల్లోనే నోరు మూసుకునే మనిషి కాదు ఆవిడ.

మూడు ఋతువులు గడగడా చెప్పేశాను. నాలుగో దగ్గర వాటర్ అన్న మాట చెవినపడిందో లేదో, పిన్ని అడ్డు తగిలింది.

"నీళ్లేమిటే నీ తలకాయ! నీళ్ల కుండని మొహం పక్కకి తిప్పుకుని మోస్తారుటే ఎవరన్నా? పక్కింటి నుంచి నిప్పులు తెచ్చుకుంటోంది. పొగ కళ్లల్లో పడకుండా అటు తిరిగింది. మా అమ్మ నన్నెన్నిసార్లు పంపలేదూ!"

అందరూ మా వంక చూశారు. 'పిన్నీ, తర్వాత' అని నోటిదాకా వచ్చింది. కానీ బొమ్మ మళ్లీ చూశాను. ఆర్నెల్లుగా చూస్తున్న బొమ్మే. ఆమె కుండని చేత్తో కాదు, కొంగు మడిచి పట్టుకుంది. చల్లటి కుండకి కొంగెందుకు? పరీక్ష పోతే పోయిందనుకుని, నేను చెప్పింది తప్పు, మా పిన్ని చెప్పేది వినండని ఇంగ్లీషులో అనేసి, ఆవిడ మాటలన్నీ అనువదించాను. పిన్ని ఊరుకుంటుందా! హ్యాండ్‌బ్యాగుని కుండలా పట్టుకుని, మొహం తిప్పుకుని, స్నో బూట్లతో నాలుగడుగులు నడిచి మరీ చూపించింది.

సూపర్‌వైజర్ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు వంగి చూశాడు. "ఇన్నేళ్లుగా మేమంతా తప్పు చెబుతున్నట్టున్నాం" అన్నాడు. మరుసటి వారం నాకు గైడ్ బ్యాడ్జి వచ్చింది.

"నీకిచ్చారు సరే, నాకేదే?" అంది పిన్ని.

నిన్న ఆ కాగితం ఫోన్లో చదివి వినిపిస్తే, పిన్ని మళ్లీ చదవమంది. మా అమ్మమ్మ పొయ్యి ఆరి అరవై ఏళ్లు దాటింది. దాని నిప్పు ఇప్పుడు ఇక్కడ కొత్తవాళ్లు ఒకరి నుంచి ఒకరు అందుకుంటున్నారు.